తలుపు వెనక వైస్

చెక్కని కదలకుండా బిగించి పట్టుకునే ఇనుప వైస్‌ని పాత సామాన్ల కొట్లో కొని, భర్త వెనక గదిలోని తన వడ్రంగం బల్లకి బిగించాడు. కింద నట్లు పట్టుకుని సాయం చేసిన భార్య బయటికి వెళ్లబోయింది.

“ఏమండీ, తలుపు జానెడుకి మించి తెరుచుకోవడం లేదు. మీ వైస్‌కి తగులుతోంది.”

“అదేంటి? టేపు పెట్టి మరీ కొలిచానే!”

“తలుపు తీసి కొలిచారా, మూసి కొలిచారా?”

“మూసే. లేకపోతే నువ్వొచ్చి సలహాలు మొదలుపెడతావుగా.”

“ఆహా, ఏం ముందుచూపండీ! అవతల పొయ్యి మీద పాలున్నాయి. ముందు ఆ బోల్టులు విప్పండి.”

“విప్పడమా! బిగించేసరికే నా నడుం విరిగింది. తలుపే ఊడదీస్తా. అంచు కాస్త కోసి మళ్లీ పెడతా.”

“కుర్చీ కాలు బాగుచేస్తానని వైస్ కొన్నారు. వైస్ కోసం తలుపు కోస్తారు. రేపు తలుపు కోసం గోడ కొడతారు కాబోలు.”

“వెటకారం ఆపి ఆ స్క్రూడ్రైవర్ ఇటివ్వు.”

“ఇదిగోండి. నిదానంగా కానివ్వండి, తొందరేం లేదు.”

“మరి పాలు?”

“పొంగితే పొంగనివ్వండి. మీరు ఊడదీసింది ఏదైనా ఇంతవరకు మళ్లీ బిగిసిందా? ఇక ఈ గదికి తలుపుండదు. నా సలహాలు నేరుగా లోపలికొస్తాయి.”