బలం సూది

మరిది జబ్బకు సూది గుచ్చి, నర్సు వదిన మందును మెల్లగా ఎక్కిస్తోంది.

"బలం సూది ఇంత చిక్కగా ఉంటుందా వదినా?"

"నూనెలో కలిపిన మందయ్యా. నూనె దాన్ని ఒక్కసారిగా వదలదు. కండలో కూర్చుని, నెలంతా కొంచెం కొంచెంగా ఒంట్లోకి దించుతుంది."

"అయితే మాత్రల్లాగా బుగ్గన దాచి ఉమ్మేయడం కుదరదన్నమాట."

ఆమె గతుక్కుమంది.

"పోయిన నెల సూది తర్వాత నా చెవుల్లో ఆ గొంతులు ఆగిపోయాయి. బలం సూదికి గొంతులు కూడా పోతాయా వదినా?"

"నిజం చెబితే వద్దంటావని భయమేసిందయ్యా."

"వద్దనేవాణ్ణే."

"తప్పు చేశాను."

"ఇప్పుడు హాయిగానే ఉందిలే. అయినా నన్నొక్క మాట అడగాల్సింది."

ఆమె సూదినైతే బయటికి తీయగలిగింది. లోపలికి వెళ్ళిన నూనెను ఎలా తీస్తుంది?