చేపల నడుమ వంశచరిత్ర: ఎల్స్పెత్ క్రుక్‌షాంక్ గారికి అభినందన

పంతొమ్మిది వందల ఎనభై ఒకటవ సంవత్సరం సెప్టెంబరు ఏడవ తేదీ సోమవారం ఉదయం, ఇన్వర్‌డ్యూరీ పురపాలక భవనపు నేలమాళిగలో ఆనాడు నడుస్తుండిన మన జిల్లా పత్ర భాండాగారంలో, శ్రీమతి ఎల్స్పెత్ క్రుక్‌షాంక్ గారు సహాయ పత్రపాలకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. బొగ్గుల కొట్టుకూ భాండాగారానికీ నడుమ ఒక్క చెక్కగోడ మాత్రమే ఉన్న ఆ కాలంలో, సాయంత్రానికి చేతులు నల్లబడని ఉద్యోగి లేడని పెద్దలు చెప్పేవారు. ఆ బొగ్గు ధూళి నుండి నేటి విశాలమైన నూతన భవనం వరకు ఈ సంస్థను నడిపించి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆమెను గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం, పఠనశాల బాధ్యుడిగా చిరకాలం ఆమె సాహచర్యం పొందిన నాకు దక్కడం నా అదృష్టం.

తొలి దశాబ్దమంతా ఆమె జీవితం వ్యాను చక్రాల మీదే గడిచిందనడం అతిశయోక్తి కాదు. కోటల అటకలు, పాస్టర్ల ఇళ్ళ అలమరలు, పొలాల్లోని కోళ్ళగూళ్ళు, ఎక్కడ ఏ కుటుంబపు పాత కాగితాలు శిథిలమవుతున్నాయని తెలిసినా అక్కడ ఆమె ప్రత్యక్షమయ్యేవారు. ఒకసారి కొండవాలున ఉన్న ఒక రైతు ఇంట, పూర్వుల ఉత్తరాలతో పొయ్యి రాజేస్తున్న గృహిణిని చూసి ఆమె నిర్ఘాంతపోయారట.

"చదివేవాళ్ళు లేరు కదమ్మా, పొయ్యికైనా పనికొస్తాయని" అన్నదట ఆ ఇల్లాలు.

"మీ పొయ్యికి దినపత్రికలు నేను తెచ్చిస్తా. అవి ఇంకా బాగా మండుతాయి, అన్నీ అబద్ధాలే కదా! వీటిని మాత్రం నాకిచ్చెయ్యండి" అన్నారట ఈమె.

అన్నమాట ప్రకారం, ఆ ఇల్లాలు జీవించి ఉన్నంతకాలం, మన కార్యాలయపు పాత పత్రికల కట్ట ఆ ఇంటికి చేరుతూనే వచ్చింది.

పంతొమ్మిది వందల తొంభై మూడులో ఆమె ప్రధాన పత్రపాలకురాలయ్యారు. సముద్రాలు దాటి తమ మూలాలను వెతుక్కుంటూ వచ్చేవారిని ఆదరించడంలో ఆమెకు సాటి ఆమే. కెనడా నుండి వచ్చిన ఒక పెద్దమనిషి, తమది రాజవంశమని రుజువు చేసుకోవాలని వారం రోజులు శ్రమించి, చివరకు తన పూర్వీకుడు గొర్రెల దొంగ అని తెలుసుకుని కుంగిపోతే, ఆమె పక్కన కూర్చుని, "దిగులెందుకండీ? దొంగ అయితే అయ్యాడు గానీ, మందలోకల్లా మేలైన గొర్రెల్నే ఎంచుకున్నాడు చూడండి. గొప్ప పారఖీ!" అన్నారు. ఆ పెద్దమనిషి నవ్వుతూ వెళ్ళి, నేటికీ ప్రతి క్రిస్మస్‌కూ ఆమెకు శుభాకాంక్షలు పంపుతున్నారు.

అయితే ఆమె వ్యక్తిత్వాన్ని సమగ్రంగా చాటే సంఘటన తొంభై ఆరులో, నేను కొలువులో చేరిన కొత్తలో జరిగింది. బాల్‌ఫెట్టీ జమీందారులైన మెల్డ్రమ్ వంశీయుల మూడు శతాబ్దాల పత్రాలు మన భాండాగారానికి చేరవలసి ఉండగా, ఆ వారమే వాగు పొంగి, వారి ఎస్టేటు కచేరీ నడుములోతు నీట మునిగింది. తడిసిన కాగితానికి రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. అన్నింటినీ ఒకేసారి ఆరబెట్టడం అసాధ్యం కనుక గడ్డకట్టించడమొక్కటే మార్గం. నగరానికి వెళ్ళే దారులన్నీ జలమయం. దగ్గరలోనే ఎక్కడైనా గడ్డకట్టించేందుకు అనుమతి కోరగా, విషయాన్ని వచ్చే గురువారం సమావేశంలో పరిశీలిస్తామని పై అధికారులు సెలవిచ్చారు. "బూజు గురువారం దాకా ఆగుతుందా?" అని ఆమె ఫోను పెట్టేసి, తడిసిన పత్రాల పెట్టెలతో వ్యానును నేరుగా రేవుకు పోనిమ్మన్నారు. అక్కడ సాండీ కార్డినర్ గారి చేపల శీతల గిడ్డంగి ఉంది. జమీందారిణి కాన్‌స్టెన్స్ మెల్డ్రమ్ గారు కూడా, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లతో, మా వెంట వచ్చారు.

అరవయ్యేళ్ళ సాండీ గారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఎవరివమ్మాయ్ ఈ కాగితాలు?"

"మెల్డ్రమ్ వాళ్ళవండీ."

"పొయ్యి మీద జావ ఉడుకుతుంటే మా తాతమ్మని బయటికి గెంటి, ఇంటి కప్పు పీకించిన మెల్డ్రమ్ వాళ్ళవా? వాటిని తెచ్చి నా హాడక్ చేపల పక్కన పెడతావా? చేపలు కుళ్ళిపోతాయి తల్లీ!"

"కుళ్ళేది కాగితాలే సాండీ గారూ. అవి పోతే లాభం ఎవరికో ఆలోచించండి. మీ నాన్నగారు ఈ మాట చెప్పారు, మీరు చెబుతున్నారు. రేపు మీ మనవడు చెబితే, ఉత్త కట్టుకథ పొమ్మంటారు. అప్పుడు చూపించడానికి మీ దగ్గరేముంది?"

సాండీ గారు గడ్డం గోక్కున్నారు. "అంటే, వాళ్ళ పాపాన్ని నేను భద్రంగా దాచిపెట్టాలా?"

"అవునండీ. కరగకుండా."

ఆయనకు నవ్వు ఆగలేదు. అయినా గుమ్మం విడువలేదు. "సరే, పెడతా. పైసా వద్దు. కానీ ఆరిన తర్వాత ఎవరు అడిగితే వాళ్ళు చదువుకోవాలి. మా వాళ్ళు కూడా. ఆ మాట ఆవిడ నోటంట రావాలి."

ఎల్స్పెత్ గారు చిక్కున పడ్డారు. యాభై ఏళ్ళపాటు ఎవరికీ చూపరాదన్న షరతు మీదనే ఆ పత్రాలను ఇవ్వడానికి మెల్డ్రమ్ వంశీయులు అంగీకరించారు. ఇతరుల సొత్తు మీద వాగ్దానం చేయడం ఆమె స్వభావం కాదు. ఆమె వెనుదిరిగి, జమీందారిణితో, "నేను మాటివ్వలేనండీ, మీరే చెప్పాలి" అన్నారు. వ్యానులోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. మెల్డ్రమ్ గారు ఆ ధారను చూశారు.

"మా మామగారు బతికుంటే ఒప్పుకునేవారు కాదు" అన్నారు.

"ఆయన బతికుంటే నేనూ అడిగేవాణ్ణి కాదు. గుమ్మం దగ్గరే తలుపేసేవాణ్ణి" అన్నారు సాండీ గారు.

ఆమె పెదవులపై చిరునవ్వు కదిలింది. "చదువుకోండి. అందరూ చదువుకోండి. మా అత్తగారి వంటల పుస్తకం మాత్రం ముందు ఆరబెట్టండి. నేను బూట్లేసుకుని ఇంతదూరం వచ్చింది దానికోసమే" అని, మొదటి పెట్టెను తానే ఎత్తుకుని లోపలికి నడిచారు. రెండవ పెట్టె సాండీ గారు అందుకున్నారు.

ఆ శీతకాలమంతా ఒక మహావంశపు చరిత్ర హాడక్ చేపల సాహచర్యంలో సురక్షితంగా నిద్రించింది. కొద్దికొద్దిగా వెలికి తెచ్చి, అద్దుడు కాగితాల నడుమ ఆరబెట్టడానికి మాకు రెండేళ్ళు పట్టింది. వంటల పుస్తకమే అన్నింటికన్నా ముందు ఆరిందని వేరే చెప్పనక్కరలేదు. పై అధికారులు ఆమెకు సంజాయిషీ నోటీసు పంపిన మాట నిజమే. కాగితాలు బతికాయన్న వార్త పత్రికల్లో వచ్చాక, అదే అధికారులు ఆమె పక్కన నిలబడి ఫొటో దిగిన మాటా నిజమే.

ఆ పత్రాలకు తొలి పాఠకుడిగా సాండీ గారు ఆదివారం చర్చికి వేసుకునే సూటు ధరించి పఠనశాలకు విచ్చేశారు. ఖాళీ చేయించిన ఇళ్ళ వివరం ఆయన ముందుంచాను. వేలితో వరుస వెంట చదువుతూ ఆయన ఆగిపోయారు. అక్కడ "రేవు చివరి విధవ" అని మాత్రమే ఉంది.

"ఇదేంటమ్మాయ్? మా తాతమ్మకి పేరుంది. ఇసోబెల్ మెయిర్. ఇక్కడ రాయి" అన్నారు, పక్కనే ఉన్న ఎల్స్పెత్ గారితో.

"ఈ కాగితం మీద గీత కూడా గీసే హక్కు నాకు లేదండీ" అన్నారు ఎల్స్పెత్ గారు మృదువుగా. "కానీ ఈ పత్రాల సూచిక రాసేది నేనే."

ఆ పూటే, ఆయన ఎదుటే, సూచికలో మెల్డ్రమ్ జమీందారుల పేర్ల వరుసలో, అక్షర క్రమంలో వారికి పైనే, ఇసోబెల్ మెయిర్ అన్న పేరు చేరింది. మరుసటి వారం సాండీ గారు చేపల పెట్టెనొకదాన్ని భుజాన వేసుకుని వచ్చారు. అందులో చేపలు లేవు. కుటుంబ బైబిలు, పడవల ఫొటోలు, హెర్రింగు చేపలు శుభ్రం చేయడానికి ఊరూరా తిరిగిన అక్కచెల్లెళ్ళ ఉత్తరాలు ఉన్నాయి. ఆయన వెనుక రేవు మొత్తం కదిలి వచ్చింది. నేడు దేశదేశాల పరిశోధకులను ఆకర్షిస్తున్న మన జాలరి కుటుంబాల సేకరణ ఆ విధంగా ఆరంభమైంది.

నూతన భవన నిర్మాణంలోనూ, పత్రాలన్నింటినీ కంప్యూటరులోకి ఎక్కించే బృహత్కార్యంలోనూ ఆమె చూపిన దీక్షను సహోద్యోగులందరూ ఎరుగుదురు. మా తప్పులను నలుగురిలో ఎత్తిచూపక, తలుపు వేసి చెప్పిన ఆ పెద్దమనసును ఎరుగుదురు. ఆమె చేసే టీ ఎంత చేదుగా ఉంటుందో కూడా ఎరుగుదురు.

మొన్నటి వీడ్కోలు సమావేశంలో, "మీ సొంత కాగితాలు మన భాండాగారానికి ఎప్పుడిస్తారు మేడమ్?" అని ఒకరు అడిగారు. ఆమె భర్త వాటీ గారు, "ఇప్పుడే పట్టుకుపొండి బాబూ, ఇంట్లో నాకు కాలు పెట్టే చోటు లేదు" అని మొరపెట్టుకున్నారు. ఆమె మాత్రం, "నేను పోయాక రండి. అంతకుముందు వస్తే టీ ఇచ్చి పంపేస్తా" అన్నారు.

ఆమె ఆజ్ఞను శిరసావహిస్తూ, మూడవ గదిలో, తేమ తగలని గోడ పక్కన, ఒక అరను ఆమె పేరిట కేటాయించాము. ఆయురారోగ్యాలతో, వాటీ గారి సాహచర్యంలో ఆమె సుఖసంతోషాలతో వర్ధిల్లాలని, మేమందరం అడపాదడపా వెళ్ళి ఆ చేదు టీ తాగి వట్టి చేతులతో తిరిగి వస్తూ ఉండాలని, ఆ అర దుమ్ము దులిపే పని మాకూ, మా తరువాత వచ్చేవారికీ కూడా మిగిలి, అది చిరకాలం ఖాళీగానే ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.

— ఆర్చీ డూగిడ్, పఠనశాల