మాట్లాడని కారు, మాట్లాడే డాక్టరు

డ్రైవింగ్ స్కూలు మాస్టారికి టీ గొంతు దిగడం లేదు. తెల్లారితే ఆరుగురు శిష్యులకు లైసెన్సు పరీక్ష. స్కూలు మొత్తానికి ఉన్నది ఒక్కటే కారు, ఆ ముసలిదేమో మొదటి గేరులోనే ఆగిపోతూ మొన్నటి నుంచి టీ కొట్టు ఎదుటి మెకానిక్ షెడ్డులో పడుంది. దాని రోగమేంటో చెప్పాల్సిన కోడ్ రీడరు, తగిలిస్తే వెలగనైనా వెలగడం లేదట.

బాగుచేయాల్సిన మెకానిక్కేమో టీ కొట్టు బల్ల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. తనకు తానే డాక్టరని బిరుదిచ్చుకున్న ఘనుడు. కంగారుపడకండి మాస్టారూ, ఇంతకంటే మొండి ఘటాల చేత నిజం కక్కించానని మొదలెట్టాడు.

అప్పట్లో ఇంకా పాతకాలం కారొకటి వచ్చిందట. ఇంజను కంప్యూటరు నోరు విప్పదు. ఈయన వైరు ముక్కతో రెండు పిన్నులు కలిపేసరికి డాష్‌బోర్డు మీది లైటు మిణుకుమిణుకుమంటూ కోడు చెప్పిందట. ఇంతవరకు నమ్మొచ్చు, పాత బండ్లు కొన్ని అలాగే చెప్తాయని మాస్టారికీ తెలుసు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిణుకులు ఆగితేగా! తన కోడు అయ్యాక పక్కనున్న వ్యాను కోడు చెప్పిందట, అదీ అయ్యాక వ్యాను ఓనరు బీపీ చెప్పిందట.

“కారుకి బీపీ ఎలా తెలిసింది?” అంది గ్లాసులు కడుగుతున్న టీ కొట్టు చెల్లెమ్మ.

“సీటు బెల్టు చుట్టి చూసింది.”

అది చూసి కూడలిలో సిగ్నలు దీపాలు వంత పాడాయట. ఊళ్ళో కార్లన్నీ డ్రైవర్లను ఇళ్ళ దగ్గరే వదిలేసి, రోగాలు చెప్పుకోడానికి షెడ్డు ముందు బారులు తీరాయట. ఇంతలో పైనుంచి పోతున్న విమానం రెక్కల లైట్లు కొట్టి, డాక్టరుగారూ, నా ఎడమ ఇంజను గరగరమంటోంది అందట. కింద చోటు లేదు, నీ వంతు వచ్చేదాకా గాల్లోనే ఆగమన్నాడట ఈయన. ఆగిందట, పాపం.

మాస్టారికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

“అన్నిటితో మాట్లాడినోడివి, మాస్టారి కారుతో మాట్లాడలేవా అన్నయ్యా?” అంది చెల్లెమ్మ.

అది నా మీద అలిగింది అన్నాడు డాక్టరు.

“అలగదా మరి? మొన్న కారు రాగానే దాంట్లో నీ బుల్లి ఫ్యాను పెట్టుకుని గుర్రుపెట్టావు. ఫ్యాను ఠప్పుమని ఆగిపోతే, చెమటలు కక్కుతూ వచ్చి నా బల్ల మీద పడ్డావు.”

మాస్టారు గ్లాసు కింద పెట్టేశారు. ఫ్యాను దేనికి తగిలించావని అడిగితే, సిగరెట్ లైటరు సాకెట్‌కని డాక్టరు నసిగాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ కారుతో కాపురం చేస్తున్న మనిషికి ఇంకేం చెప్పాలి? లైటరుకూ కోడ్ రీడరు తగిలించే చోటుకూ దాంట్లో ఒకే ఫ్యూజు. గబగబా వెళ్ళి స్టీరింగు కింద మూత తీస్తే, ఫ్యూజు కాలిపోయి ఉంది. కొత్తది పెట్టగానే రీడరు వెలిగింది, కోడు పడింది. పాడైంది ఓ చిన్న సెన్సరు. అలాంటిది షెడ్డులోనే ఉంది, గంట పని. మాస్టారి ప్రాణం లేచొచ్చింది.

“చూశారా, నా కథ వినేసరికి ఎలా దారికొచ్చిందో!” అన్నాడు డాక్టరు.

చెల్లెమ్మ కొట్టులోంచి తల బయటికి పెట్టి ఆకాశం వంక చూసింది.

“ఆ విమానం ఇంకా కదల్లేదేంటి అన్నయ్యా? దాంట్లో కూడా కునుకు తీశావా?”