ఇఫ్తారు గడియారం

వాకాడులో ఆ సాయంత్రం దరియావలి తన కొత్త చేతిగడియారం చూసి, పొద్దు గుంకిందని చెప్పగానే ఇంట్లో అందరూ రోజా ఉపవాసం విడిచారు. ఖర్జూరాలు నమిలి నీళ్ళు తాగేసిన చాలాసేపటికి గాని మసీదులో నమాజుకు పిలిచే బాంగు వినపడలేదు. మగవాళ్ళు నమాజుకు కదిలారు. వాళ్ళ వెనకే జారుకోబోతున్న తమ్ముణ్ణి చాంద్‌బీ పెరటి అరుగు దగ్గర నిలేసింది.

“ఏందిరా ఇది, చేతికి పెనం కట్టుకున్నట్టు?”

“యుద్ధంలో ఇమానాలు తోలినోళ్ళు పెట్టుకునే మాదిరిదక్కా. మద్రాసులో చవగ్గా దొరికింది. చీకట్లో గూడా అంకెలు పచ్చంగా మెరుస్తాయి.”

“మెరిసేదానికేం, మిణుగురుపురుగూ మెరుస్తాది. దీన్ని చూసుకోని తోలినోడు యాడ దిగుంటాడు, సముద్రంలోనా?”

“రవ్వంత ముందు పోతాది, అంతే గదా.”

“రవ్వంతా? ఇంటిల్లిపాది రోజా పాడుచేస్తివి. పండగ పోయినాక అందరం దీనికి బదులు ఇంకో రోజు పస్తుండాల. ఆ పట్టీ చూడు, ఎద్దు మెడకు కట్టేదానికైనా పనికొస్తాది.”

దరియావలి మెల్లగా పట్టీ విప్పుతూ అడిగాడు.

“అక్కా, నువ్వు పడమటి కిటికీ కాడ కూర్చోనుంటివి గదా. పొద్దు కనపళ్ళేదా?”

చాంద్‌బీ కొంగుతో మూతి తుడుచుకుంది. ఖర్జూరం నోట్లో వేసుకునేటప్పుడు కొబ్బరిచెట్ల తలల మీద చూసిన ఎర్రటి ఎండ ఆమె కళ్ళలో ఇంకా అట్లాగే ఉంది.

“కనపడింది.”

“మరి చెప్పలేదే?”

“అప్పటికి నాలుక పిడచకట్టుకోని పోయుండింది. చేతిలో నీళ్ళుండినాయి. రేపు దాన్ని పెట్టుకోని రాబాక. మళ్ళా నమ్మబుద్ధవుతాది నాకు.”