తడబాటు లేని ఇల్లు

హలో… ఆ, నేనే మేడమ్, చిట్టి వాళ్ళమ్మని. ఫరవాలేదు, చెప్పండి. దాని యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నా… అవును, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించేశాను.

ఈమధ్య స్పీచ్ థెరపీకి రావట్లేదని అడుగుతారనే అనుకున్నా… అయ్యో, మీ మీద కోపమా! అసలు మీకో మంచి మాట చెప్పాలి. నత్తి పోయింది మేడమ్… పూర్తిగా! ఒక్కచోట కూడా ఆగట్లేదు. మా ఆయనే అన్నారు, తగ్గిపోయిందిగా, ఇంక మాన్పించెయ్ అని.

…

హలో? సంతోషిస్తారనుకుంటే…

ఎలా మాట్లాడుతోందా? తక్కువే. నీళ్ళు కావాలంటే ‘దాహం’ అంటుంది. టీచర్ పేరడిగితే ‘మా క్లాసు మేడమ్’ అంటుంది. నిన్న పక్కింటావిడ నీ పేరేంటే అంటే, దగ్గి… ‘చిట్టి’ అంది… అవును, బళ్ళో పేరు అది కాదు.

అంటే… పోలేదంటారా?

దాక్కుందా? అడ్డొచ్చే మాటని ముందే పసిగట్టి, తప్పుకుని, ఇంకో మాట… ఇంత పిల్లకి అంత తెలివెక్కడిది?

…భయమా.

ఆ, గుర్తుంది. తడబడినా తన మాట తనే చెప్పాలి. మధ్యలో అందివ్వొద్దు, దాని మొహంలోకి చూస్తూ ఆగమన్నారు. ఆగుదామంటే ఇప్పుడది ఆగేచోటే లేకుండా చేసుకుంది కదా!

ఎవర్ని చూసి నేర్చుకుంటుంది మేడమ్? మా ఇంట్లో ఎవరికీ నత్తి లేదు… ఆయనకా? ఛ! ఆయన మాట్లాడితేగా! నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టుంటారు. ఫోన్ మోగితే చాలు, స్నానం గుర్తొస్తుంది. హోటల్‌కెళ్తే పక్కవాడి ప్లేటు వేలితో చూపిస్తారు. బస్సులో మా స్టాపు పేరు చెప్పరు. చివరిదాకా టికెట్ తీసుకుని వెనక్కి నడిచొస్తారు. ఒంటికి మంచిదట…

…

ఒక్క నిమిషం మేడమ్. కాలర్ మాడిపోతోంది.

…

చిట్టి అనడం మొదలుపెట్టింది ఆయనే. అసలు పేరు మా అత్తగారు పెట్టారు. ఆ పేరు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. నా పేరూ వినలేదు. ‘ఏమోయ్’ అంటే ముద్దేమో అనుకున్నా ఇన్నాళ్ళూ.

అత్తగారా? పోయారు. “నోటిమీద ఒక్కటిస్తే వాడి మాట తిన్నగా వచ్చేసేది” అనేవారు. ఈయన చిన్నప్పటి అల్లరి గురించేమో అనుకున్నా. ఇప్పటికీ ఆవిడ గది ముందు నడిచేటప్పుడు ఈయన దగ్గుతారు మేడమ్. అదే దగ్గు… నిన్న చిట్టి దగ్గింది.

…ఇక్కడే ఉన్నారు. తలుపు దగ్గర. ఎప్పట్నుంచి వింటున్నారో.

సరే, బలవంతం చెయ్యను. ఏమీ అడగను.

చిట్టి కూడా గదిలోంచి వచ్చింది. ఆయన దాన్నే చూస్తున్నారు… మేడమ్, దాని పేరే అనబోతున్నారు. దగ్గలేదు! పెదాలు బిగుసుకుపోయాయి… మొదటి అక్షరం దగ్గరే… నా నాలికమీదే ఉంది, అందించెయ్యనా?

…ఊఁ.

…

ఆగుతున్నాను.

…

రాలేదు మేడమ్. కానీ ‘చిట్టి’ అనలేదు. మాట మార్చలేదు ఈసారి… నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కొట్టేవాళ్ళు ఎవరూ లేరు కదా మేడమ్ ఇంట్లో… ఎవరూ లేరు కదా.

ఏమండీ— ఎక్కడికి?

చెప్పులేసుకుంటున్నారు.

లేదు, అది ఏడవట్లేదు. గుమ్మంలోకి పరిగెత్తింది. ‘నా… నా… నా…’ అంటోంది. దగ్గకుండా. గట్టిగా.

ఆయన గేటు తీసేశారు మేడమ్. వెళ్ళిపోతున్నారు. ఇదింకా ఆ అక్షరం దగ్గరే ఉంది… లేదు, నేను పిలవను. అందివ్వను.

ఫోన్ పక్కన పెడుతున్నా. దాని మాట ఇంకా అవ్వలేదు.