ఎర్ర రిబ్బను దాకా

హలో… ఆ, నేనే మామయ్యా, ఇంగ్విల్‌ని.

లేదు, ఇవాళ బడికెళ్ళలేదు… అమ్మకి తెలుసు.

గట్టిగా మాట్లాడుతున్నానా? ఇక్కడ గాలి… అడివిలో గాలేంటంటావా— ఆపడానికి చెట్లు లేవుగా.

ఆ, అక్కడే. బార్బ్రో మామ్మ వాళ్ళ పైన్ తోపులో. ఇదివరకు తోపు ఉన్న చోట. మొద్దు మీద కూర్చున్నా.

చూడ్డానికే వచ్చా. మంగళవారం నుంచీ ఊరంతా నా పేరే. నేను చేసిందేంటో నేను చూసుకోవద్దా?

…అవును. పొరపాట్లు జరుగుతాయి.

చెప్పు, వింటున్నా.

ఏంటీ?… రేపు పొద్దున బార్బ్రో మామ్మ ఇంటికెళ్ళి… ఆ… ఎర్ర రిబ్బను చుట్ట నీ షెడ్డులోంచి నేనే అడక్కుండా తీసుకున్నానని చెప్పాలా?

అడక్కుండా.

లేదు, అర్థమైంది. సరిగ్గా విన్నానో లేదోనని మళ్ళీ అన్నా.

మరి నువ్విచ్చావు కదా మామయ్యా?

శనివారం. పిల్లల స్కీ పందేనికి మామ్మ తోపులో చెట్లకి దారి గుర్తులు కట్టమన్నావు. క్లబ్బు నీలం రిబ్బను అయిపోయిందని, షెడ్డులోంచి ఎర్రది తెచ్చి నా చేతిలో పెట్టావు. "ఇది చెట్లు కొట్టేవాళ్ళ హద్దు గుర్తు కదా?" అని అడిగా. నువ్వేమన్నావో చెప్పనా? "అబ్బో, మూగపిల్ల నోరు విప్పిందిరోయ్!" అన్నావు. అందరూ నవ్వారు. నేను తలొంచుకుని వెళ్ళి కట్టేశా.

…సరదాకి అన్నావు. సరే.

పందెం ఆదివారం అయిపోయింది. విప్పేస్తానన్నా. ఉంచు, వచ్చే వారం మళ్ళీ కావాలన్నావు.

అరవట్లేదు. గాలి.

మరి మంగళవారం పక్క అడివి కొట్టడానికి కోత మిషను వచ్చినప్పుడు డ్రైవరుకి ఏం చెప్పావు?… కోప్పడకు, నాకు తెలీకే అడుగుతున్నా…

"ఎర్ర రిబ్బను దాకా కొట్టెయ్." ఫోన్లో. అంతేనా?

అంతే.

హద్దు వెంట నడిచి చూపించలేదా? తాతయ్య ఒక్క చెట్టు కొట్టాలన్నా పక్కవాళ్ళని పిలిచి, కలిసి నడిచి, ఆ తర్వాతే గొడ్డలి పట్టేవాడంటగా.

నీకు తీరిక లేదు… ఆ. స్కీ క్లబ్బుకి అధ్యక్షుడివి, కలప కాంట్రాక్టరువి. రిబ్బను ఇచ్చిందీ నువ్వే, రిబ్బను దాకా కొట్టమన్నదీ నువ్వే. మధ్యలో మూగపిల్ల.

డ్రైవరు స్వీడన్ వాడైతే తప్పు వాడిదైపోతుందా?… వాడికి నువ్వు చెప్పిందే తెలుసు మామయ్యా.

ఏంటీ… పదహారేళ్ళ పిల్లని ఎవరూ ఏమీ అనరా?

అన్నారు. నిన్న బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. నిల్చునే ఉన్నారు, నా పక్క సీటు ఖాళీగా ఉంచి.

…నీకైతే ఊళ్ళో పరువు పోతుంది. నాకు లేదుగా, పోవడానికి.

స్కీలా?… కొత్తవి కొనిస్తావా?… ఎక్కడ వేసుకోను? పందెం దారంతా దుంగల కింద ఉంది.

ఏమన్నావు? మళ్ళీ అను… "తొంభై దగ్గర పడ్డ ముసలిది, రెండు నెలలు ఏడ్చి ఊరుకుంటుంది."

అన్నావు. ఇప్పుడే అన్నావు.

మామ్మ వాళ్ళాయన, ఎంబ్రెట్ తాత, బతికున్నన్నాళ్ళూ ఈ తోపులో గొడ్డలి పెట్టనివ్వలేదు. పెళ్ళయ్యాక ఇల్లు కట్టుకోడానికి కూడా కలప పక్కూరి నుంచి తెచ్చుకున్నాడు. ఆయన పోయాక మామ్మ రోజూ కిటికీలోంచి ఈ చెట్లకేసి చూస్తూ కాఫీ తాగేది. ఇప్పుడు ఆ కిటికీలోంచి రోడ్డు కనిపిస్తోంది. నీ షెడ్డు కూడా.

…లేదు. రేపు వెళ్ళను.

పొగరు కాదు. అవసరం లేదు.

ఎందుకంటే మామ్మ ఇక్కడే ఉంది. పక్క మొద్దు మీద. చూస్తానంటే మంచు మీద తోసే స్లెడ్జి బండిలో కూర్చోబెట్టి నేనే తోసుకొచ్చా.

…

ఉన్నావా మామయ్యా?

లేదు, నీ మాట మామ్మకి వినపడలేదు. ఆవిడకి చెవులు ఎప్పుడో మందగించాయి, నీకూ తెలుసుగా. వినపడింది నా మాటే. అందుకే గట్టిగా మాట్లాడా. నువ్వు అన్నవన్నీ మళ్ళీ అన్నా.

నేర్చుకున్నా మామయ్యా. నోరు విప్పడం.

ఇవ్వనా ఫోను? చెయ్యి చాపుతోంది… ఉండు, చేతి తొడుగు తీస్తోంది… ఇదిగో మామ్మా, మా మామయ్య—

హలో?… హలో?

పెట్టేశాడు మామ్మా… పెట్టేశాడు!

…ఆ. ఆ రిబ్బను కట్టింది మాత్రం నా చేతులే మామ్మా.