కదిలిన పెట్టె

నా పేరు మీరు పైన రాసుకున్నారు. వయసు నలభై ఒకటి. సాక్సుల టోకు దుకాణంలో ప్యాకింగు పని చేస్తాను. నేను చెప్పేది నా మెడకే చుట్టుకోవచ్చని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు హెచ్చరించారు. చుట్టుకోనివ్వండి అన్నాను. నన్నెవరూ బెదిరించలేదు. ఆశ పెట్టబోయిన ప్లీడరు సంగతి తర్వాత చెబుతాను.

మా ఆయన అడవిలో కాపలాదారు. గుట్ట కింద బాట మీద ఒక జీపును ఆపబోతే అది ఆయన్ని గుద్దింది. ఆసుపత్రిలో నాతో ఇలా అన్నాడు: "కావాలనే గుద్దాడే. దిగొచ్చి చూశాడు కూడా. ముందుపన్ను సగం విరిగుంది. వెనకాల సంచుల నిండా తాబేళ్ళు." ఆ సాయంత్రమే పోయాడు. ప్రమాదమని రాసి కేసు మూసేశారు. చెప్పులరిగేలా స్టేషను చుట్టూ తిరిగాను. ఇక లాభం లేదని నేనే వెతకడం మొదలుపెట్టాను. జీపుల వాళ్ళనూ సంచులు కుట్టేవాళ్ళనూ అడుగుతూ పోతే సాక్సుల దుకాణం తేలింది.

యజమానిని అందరూ మెత్తనయ్య అంటారు. గొంతు అంత మెత్తన. కోర్టు గుమాస్తా గారు ఇక్కడ 'ఆయన' అని రాస్తానన్నారు. వద్దు, 'వాడు' అనే రాయండి. పనిలో చేరిన రోజున వాడు "మీ ఆయనేం చేస్తాడమ్మా?" అని అడిగాడు. అప్పుడే కనిపించింది ఆ పన్ను. "లేడండీ," అన్నాను. "అయ్యో పాపం," అన్నాడు. వాడి కళ్ళు కూడా చెమర్చాయి. పీక నొక్కేద్దామనిపించింది. కానీ ఊరికే చస్తే వాడికేం తెలుస్తుంది?

దుకాణం వెనక చల్లగది ఉంది. తాబేళ్ళను ముందురోజే అందులో పెడతారు. చలికి అవి కాళ్ళూ తలా లోపలికి ముడుచుకుని మొద్దుబారిపోతాయి. ఇక పెంకు చుట్టూ టేపు వేసి, ఒక్కోదాన్ని ఒక్కో సాక్సులో దూర్చి, పెట్టెలో మామూలు సాక్సుల మధ్య సర్దుతారు. దూర్చేదీ సర్దేదీ నేను. టేపు వేసేది మాత్రం వాడే, ఇంకొకరి చేతిని నమ్మడు. దారిలో చాలా చస్తాయి. "సగం బతికినా చాల్లేమ్మా," అంటాడు. మా ఆయన తిరిగిన గుట్ట మీద తొలకరి పడగానే తాబేళ్ళు బాటకు అడ్డంగా నడిచేవి. ఆయన సైకిలు దిగి దారిచ్చేవాడు. ఈ ఏడాది వానలకు నేను వెళ్ళి చూశాను. ఒక్కటీ కనపడలేదు.

విమానంలో పై దేశానికి పెట్టె మోసుకెళ్ళేది ఎప్పుడూ వాడి బావమరిది. నాక్కావలసింది బావమరిది కాదు. ఒకరోజు టీ ఇస్తూ, "నాకెందుకు గానీండీ, మీ బావమరిది గారు మంచివాటిని దారిలో మార్చేస్తున్నారేమో," అన్నాను. ఆ ఒక్క అగ్గిపుల్ల చాలింది. వాళ్ళు తిట్టుకున్న తిట్లు కోర్టు కాగితం మీద రాయించడం మర్యాద కాదు. ఈసారి నేనే తీసుకెళతానన్నాడు మెత్తనయ్య.

మొన్న బుధవారం ఉదయం ఏడింటికి సర్దాం. అంతకుముందే పెంకులన్నిటికీ పలచగా నూనె రాశాను. నూనె మీద టేపు ఎంతోసేపు నిలవదు. "భలే మెరుస్తున్నాయే, బాగా కడిగావమ్మా," అని మెచ్చుకున్నాడు. కత్తెర కూడా దాచేశాను. కాసేపు వెతికి, విసుక్కుని, టేపును పళ్ళతోనే కొరికాడు. ముక్క ముక్కకూ ఆ విరిగిన పన్ను గాటు ఉంటుంది, చూసుకోండి. వాడు బట్టలు మార్చుకోవడానికి వెళ్ళగానే రబ్బరు సంచుల్లో వేడినీళ్ళు పోసి, తాబేళ్ళ కింద పరిచి, పెట్టె మూశాను.

తర్వాత బస్సెక్కి ఎయిర్‌పోర్టుకు వెళ్ళాను. కళ్ళారా చూడకపోతే నాకు నిద్రపట్టదు. స్కానరు దగ్గర వాడి మనిషి ఉంటాడు, కాబట్టి అక్కడికి చేరకముందే అవి లేవాలి. స్తంభం చాటున నిలబడి, "లేవండమ్మా, లేవండి తల్లీ," అని గొణుక్కున్నాను. పదీ ఇరవైకి వరుసలో వాడి వెనకున్న ముసలావిడ గట్టిగా అంది: "ఏమయ్యా, నీ పెట్టెలో ఏదో గీకుతోంది!" వాడు గభాలున పెట్టె మీద కూర్చున్నాడు. కూర్చున్నా పెట్టె కదిలింది. పోలీసులు వచ్చారు. మా ఆయన పోయాక నేను నవ్వింది అప్పుడే. కడుపుబ్బ నవ్వాను.

నాలుగు తాబేళ్ళు చచ్చాయని, నేనే వచ్చి లొంగిపోయాక చెప్పారు. వాటి ఉసురు నాకూ తగులుతుంది.

నిన్న వాడి ప్లీడరు వచ్చాడు. "జీతం పెంచలేదన్న కోపంతో ఆయనకు తెలియకుండా నేనే పెట్టానని చెప్పమ్మా, నిన్ను మేం చూసుకుంటాం," అన్నాడు. ఇన్‌స్పెక్టరు గారేమో, "భయపెట్టి చేయించాడని చెప్పమ్మా, సాక్షిగా బయటపడతావు," అన్నారు. ఆయన నా మంచికే చెప్పారు. అయినా నేను వినను. నేనొక్క అబద్ధమాడితే దాన్ని పట్టుకుని వాడు జారుకుంటాడు. భయం అబద్ధం, పగ నిజం. వాడు టేపు వేసిచ్చిందీ, నేను సర్దిందీ నిజం. నన్నూ ముద్దాయిగా రాసుకోండి. వాడి పక్కనే బోనులో నిలబెట్టండి. నేనెవరి పెళ్ళాన్నో వాడికింకా తెలియదు. అక్కడ చెబుతాను.

రాసిందంతా నాకు చదివి వినిపించారు. పైన నా పేరు పక్కన గుమాస్తా గారు 'ప్రమాదంలో చనిపోయిన కాపలాదారు భార్య' అని రాశారు. ఆ మొదటి రెండు మాటలూ కొట్టేయించి, 'హత్యకు గురైన' అని రాయించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది. అన్నీ నేను చూసినవీ, విన్నవీ, చేసినవీ.

(సంతకం)

కొట్టివేత పక్కన కూడా సంతకం నాదే.